చట్టి ఏడుపు తవిటమ్మ

అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ నడిమి దారిలో కూలబడుతుంది. దాన్ని లేపి నడిపించే ఓపిక నాకు లేదు. ఆ వెనక గోడకు చేరగిలబడ్డవాళ్ళకు కూడా చెబుతున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, తప్పులేదు. చివరిదాకా నవ్వుతారని మాత్రం నేను మాటివ్వను.

అనగనగా కొండకు ఇవతల, గెడ్డకు అవతల ఒక ఊరు. కొండ మీంచి దిగే వాగును ఆ వైపు గెడ్డ అంటారు. ఏ రాజు ఏలుబడో, ఏ ఏడు జరిగిందో నన్నడగొద్దు. చోళ్ళు, అంటే రాగులు, పండేవి, జనం అంబలి కాచుకుని తాగేవారు. అంత పాత కాలం.

ఆ ఊళ్ళో ఒక తల్లికి కూర్మయ్య అని ఒక్క కొడుకు. వాడి తర్వాత ఒక బిడ్డ పుట్టింది, పోయింది. ఇంకో బిడ్డ పుట్టింది, పోయింది. మూడో బిడ్డా పుట్టింది, పోయింది. నాలుగో బిడ్డ పుట్టినప్పుడు ఆ తల్లి కళ్ళారా చూసుకోను కూడా చూసుకోలేదు. చేటలో పడుకోబెట్టి పొరుగింటి పోలమ్మ చేతికి ఇచ్చేసింది. మర్నాడు వెళ్ళి, దోసెడు తవుడు పోసి, ఆ పిల్లను తిరిగి కొనుక్కుంది. తవుడుకు కొన్న పిల్ల మీద చావు కన్ను పడదని వాళ్ళ నమ్మకం. పిల్లకు తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల బతికింది.

బతికి, నవ్వించడం నేర్చింది. "నీ పేరేటే?" అని ఎవరైనా అడిగితే, "తవుడు. మాయమ్మ నన్ను బేరమాడకండా కొనీసినాది. మోసపోనాది" అనేది. అడిగినవాళ్ళు కడుపు పట్టుకునేవారు.

కూర్మయ్య జమిడిక నేర్చాడు. జమిడిక అంటే బుంగలాంటి వాయిద్యం. అడుగున తోలు, తోలు నడుమ నుంచి ఒక నరం. చంకలో ఇరికించుకుని ఆ నరాన్ని లాగి మీటితే జుంయ్ జుంయ్ మంటుంది. దాన్ని మీటుకుంటూ వీరుల కథలు పాడేవాడు, అమ్మవార్ల కథలు పాడేవాడు. కథ చెప్పేవాడి పక్కన వంత ఉండాలి. కథకుడు ఏడిపిస్తే వంత నవ్వించాలి. అది ఆ విద్యలో కట్టడి. ఏడుపు మరీ ముదిరిపోతే జనం లేచి ఇళ్ళకు పోతారు మరి. అన్నకు చెల్లెలే వంతయింది.

కోతలయ్యాక, నూర్పులయ్యాక, ఇద్దరూ ఊరూరూ తిరిగేవారు. ఎండ వాలే వేళకు జనం కల్లాల్లో చేరేవారు. కథలో రాజు పోయేవాడు. రాణి మూర్ఛపోయేది. జనం ముక్కులు చీదేవారు. సరిగ్గా అప్పుడు తవిటమ్మ కాలు జారి దబ్బున పడేది. కొంగులోంచి పగిలిన మట్టిచట్టి పెంకు ఒకటి తీసి, ముందర పెట్టుకుని, రాగం అందుకునేది.

"ఓలమ్మో! నా అంబలి సట్టమ్మో! పొద్దుట నవ్వినావు, మద్దేనానికి ఎల్లిపోనావు! నానెవులికి సెప్పుకుందునమ్మో!"

రొమ్ము మీద ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. మూడో దెబ్బ గురి తప్పి కూర్మయ్య వీపు మీద. కూర్మయ్య జమిడిక ఆపి, ముఖం కూడా తిప్పకుండా అనేవాడు.

"ఏడవకే సెల్లీ. సంతలో ఇంకోటి కొందుములే."

ఆమె టక్కున ఏడుపు ఆపేది. వేళ్ళ సందులోంచి ఒంటికన్నుతో చూసేది. "పెద్దది కొంటావేటి?"

అంతే. కల్లం కల్లమంతా విరగబడి నవ్వేది. జనం దానికి చట్టి ఏడుపు అని పేరు పెట్టుకున్నారు. పాలు పొంగిపోయినా, కోడి తప్పిపోయినా, ఇళ్ళలో ఆడవాళ్ళు "పొద్దుట నవ్వినావు, మద్దేనానికి ఎల్లిపోనావు" అని తవిటమ్మలాగే రాగం తీసి నవ్వుకునేవారు.

నిజానికి ఆ రాగం ఆమె పుట్టించింది కాదు. ఆ ఊళ్ళలో చావింట ఆడవాళ్ళు శోకాలు పెడతారు. పోయినవాళ్ళ మంచీ చెడూ రాగం తీసి చెప్పుకుని ఏడుస్తారు. ఆ రాగాన్నే తవిటమ్మ తీసుకొచ్చి చట్టికి తగిలించింది. అప్పటికి ముసలిదైపోయిన పోలమ్మ ఒకసారి చీవాట్లు పెట్టింది.

"ఆ రాగంతో ఆడుకోకే గుంటా. అది ఏనాడో ఓనాడు అందరికీ కావాల్సిందే."

"అందాకా దాన్ని వొట్టినే కూకోబెట్టడమెందుకు పిన్నీ? పని సెయ్యనీ" అంది తవిటమ్మ. పోలమ్మకు కూడా నవ్వొచ్చింది. ఏం చేస్తుంది?

తవిటమ్మకు పెళ్ళయింది. మొగుడు కొండకు కలపకెళ్ళి తిరిగి రాలేదు. మిగిలింది ఒక్క కూతురు, పేరు పైడమ్మ. ఆ పిల్లను చేటలో పెట్టలేదు, తవుడుకు కొనలేదు. "నా కూతురికి ఆ ఎగతాళి పేరు ఒద్దు, బంగారం పేరే పెడతాను" అంది తవిటమ్మ. ఏడేళ్ళు పెంచింది.

ఒక కోతల కాలం. తవిటమ్మ రెండూళ్ళ అవతల కథకు బయల్దేరింది. పైడమ్మ గుమ్మంలో నిలబడి తల్లి నడక నడిచి చూపించింది, తల్లి పడినట్టు పడి చూపించింది. నవ్వుకుంటూ పంపింది. తర్వాత పుల్లలేరడానికి కంచె దగ్గరకు వెళ్ళింది. కంచెలో పాముంది.

కబురందుకుని తవిటమ్మ, కూర్మయ్య పరుగున వచ్చేసరికి పిల్ల వాకిట్లో చాప మీద ఉంది. ఊరంతా అక్కడే ఉంది, అందరూ ఏడుస్తూనే ఉన్నారు. తవిటమ్మ చాప పక్కన కూలబడింది. నోరు తెరిచింది. ఆమె గొంతుకు ఇంకో ఏడుపు తెలియదు. వేరే మాటలూ రాలేదు. పైగా ఆ మాటలే నిజమై కూర్చున్నాయి.

"ఓలమ్మో! నా పైడమ్మో! పొద్దుట నవ్వినావు, మద్దేనానికి ఎల్లిపోనావు! నానెవులికి సెప్పుకుందునమ్మో!"

రొమ్ము మీద ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. మూడో దెబ్బ.

కూర్మయ్య పక్కనే ఉన్నాడు. మేనకోడలంటే అతనికి ప్రాణం. కళ్ళనిండా నీళ్ళున్నాయి. కానీ ఇరవై ఏళ్ళుగా ఆ మాట వినగానే ఈ మాట అన్న నోరు అది. మనసు కంటే ముందు నోరు కదిలింది.

"ఏడవకే సెల్లీ. సంతలో ఇంకోటి కొందుములే."

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో నోట్లో కొంగు కుక్కుకున్నారు. భుజాలు కదిలిపోయాయి. ఒకళ్ళను చూసి ఒకళ్ళకు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నవ్వారు, సిగ్గుతో చచ్చిపోతూ నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు నాయనలారా. ఆ పిల్లకు జుట్టు దువ్విన చేతులే అవన్నీ. అయినా నవ్వారు.

తవిటమ్మ ఆపేసింది. తలెత్తి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. అందరి ముఖాలూ చూశాక పిల్ల పాదాల మీద కొంగు కప్పి, మరి నోరు తెరవలేదు. కూర్మయ్య తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోగలమా?

అలా పైడమ్మ, తల్లి ఏడుపు లేకుండానే, మట్టిలోకి పోయింది. తవిటమ్మ గుండెలో ఆ ఏడుపు అలాగే ఉండిపోయింది. మింగుడు పడదు, బయటకు రాదు. ఒక్కసారి, ఒక్క మనిషి ఎదురుగా కడుపారా ఏడిస్తే చాలనుకుంది. ఆమె కోరుకున్నది అంతే.

ఒకనాడు గెడ్డకు వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని, "ఓలమ్మో" అంది. వాళ్ళు చేతుల్లో బట్టలు వదిలేసి నవ్వారు. "తవిటమ్మొచ్చిందర్రా! ఇంకోపాలి అనమ్మా!" అన్నారు. తవిటమ్మ లేచి వచ్చేసింది.

ఇంకోనాడు కొండవాలుకు వెళ్ళింది. అక్కడ మేకలకాపరి ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన ముందు కూర్చుని, "ఓలమ్మో" అంది. ఆయన బోసినోటితో నవ్వి, "ఆ సట్టి ఇంకా దొరకనేదేటే?" అన్నాడు. తవిటమ్మ లేచి వచ్చేసింది.

మూడోనాడు ఎవరూ లేని చోడి చేలోకి వెళ్ళింది. చుట్టూ చూసింది, మనిషి లేడు. కూర్చుని, "ఓలమ్మో" అంది. తన గొంతు తనకే వినబడింది. ఆ రాగం తీయగానే ఎప్పటిలాగే పెదవి చివర వంకరపోయింది. ఆమెకు తనను చూసి తనకే నవ్వొచ్చింది. అన్నిటికన్నా అదే ఆమెను ఎక్కువ చంపింది. కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టి ఇంటికి వచ్చింది.

మళ్ళీ కోతలొచ్చాయి. కడుపు ఊరుకోదు కదా. అన్నాచెల్లెళ్ళు మళ్ళీ కల్లాలకు వెళ్ళారు. జనం అడిగేది చట్టి ఏడుపే. ఆమె పడేది, ఏడ్చేది, వాళ్ళు నవ్వేవారు.

"అది ఒగ్గీయే సెల్లీ. ఇంకేదన్నా సెయ్యి" అన్నాడు కూర్మయ్య.

"నాను ఒగ్గినా జనం ఒగ్గరన్నా. నువ్వు నీ మాట అను. ఎప్పుడూ అన్నట్టే అను" అంది తవిటమ్మ.

కూర్మయ్య అన్నాడు. అన్న ప్రతిసారీ నాలుక కాలినట్టుండేది. అలా ఒక కోత గడిచింది, రెండు కోతలు గడిచాయి, మూడు కోతలు గడిచాయి. ఆమె పేరు పది ఊళ్ళకు పాకింది. తవిటమ్మ వస్తోందంటే పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. దిగులన్నది ఎరగని మనిషని చెప్పుకునేవారు.

నాలుగో కోతల కాలంలో కుమ్మరపాలెం వెళ్ళారు. ఆ ఊళ్ళో అందరూ కుండలు చేసేవాళ్ళే. అక్కడ గురమ్మ అని ఒకామె. ఆమెకు పుట్టుచెవుడు, నోట మాటా లేదు. కథ వినలేకపోయినా వేషం చూద్దామని వచ్చి, అందరికంటే ముందు కూర్చుంది.

రాజు పోయాడు, రాణి మూర్ఛపోయింది. తవిటమ్మ దబ్బున పడింది. "ఓలమ్మో, నా అంబలి సట్టమ్మో!" అని మొదలెట్టింది. కల్లం కల్లమంతా నవ్వింది. గురమ్మకు ఆ రాగం వినబడలేదు. ఆ మాటలూ వినబడలేదు. ఆమెకు కనబడింది ముఖం ఒక్కటే.

గురమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు నిండాయి. లేచి, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి, తవిటమ్మ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి అంటిన చేతులతో ఆ తల దగ్గరకు తీసుకుని రొమ్ముకు ఆనించుకుంది. వీపు నిమిరింది. జనం ఇంకా నవ్వారు, ఇదేదో కొత్త వేషమనుకున్నారు.

తవిటమ్మ చేతిలో పెంకు జారిపోయింది. ఆమె ఏడ్చింది. నాలుగేళ్ళ ఏడుపు. అదే రాగం, అదే "ఓలమ్మో". కానీ ఆ రొమ్ముకు చెవులు లేవు, నవ్వు రాదు. ఆమె ఎంత గట్టిగా ఏడిస్తే గురమ్మ అంత గట్టిగా పట్టుకుంది.

కూర్మయ్య తన మాట అనలేదు. జమిడిక కింద పెట్టాడు. హారతి ఇవ్వకుండా కథ ఆపితే ఊరికి అరిష్టమంటారు. అయినా ఆపేశాడు.

"కత అయిపోనాది బావూ. ఇళ్ళకెల్లండి" అన్నాడు.

జనం కోప్పడ్డారు, గొణుక్కున్నారు, వెళ్ళిపోయారు.

ఆనాటి నుంచి ఏటా నూర్పులయ్యాక తవిటమ్మ కుమ్మరపాలెం వెళ్ళేది. గురమ్మ ఇంట్లో మూడు రోజులుండేది. గురమ్మ సారె తిప్పుతుంటే ఎదుట కూర్చుని బిడ్డ పేరు చెప్పుకుని ఏడ్చేది. దారిన పోయేవాళ్ళు ఆ రాగం విని, కొత్త కథకు సాధన చేస్తోందనుకుని నవ్వుకునేవారు. గురమ్మ మధ్యమధ్యలో సారె ఆపి, తడిచేతి వెనక భాగంతో ఆమె చెంపలు తుడిచేది. మూడో రోజు తవిటమ్మ ముఖం కడుక్కుని, అంబలి తాగి, నవ్వించడానికి వెళ్ళిపోయేది.

అలా ఎనిమిదేళ్ళు బతికింది. తొమ్మిదో ఏట వానాకాలంలో దగ్గు పట్టుకుంది. మంచం మీద ఉండగా కూర్మయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, పన్నెండేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు.

"సెల్లీ, ఆ దినం పైడమ్మ కాడ నా నోటంట ఒచ్చిన మాట..."

"ఏ మాటన్నా? నాకేటీ గేపకం నేదు" అంది తవిటమ్మ.

అబద్ధం. ఆ అబద్ధం ఆడటానికి ఆమె గోడవైపు తిరగాల్సొచ్చింది. అటు తిరిగే మళ్ళీ అంది. "నాను పోతే మీకేడుపు రాదన్నా. నవ్వొస్తాది. నవ్వీయండి. నానేటీ అనుకోను."

రెండు రోజులకు పోయింది.

వాకిట్లో చాప పరిచి పడుకోబెట్టారు. పది ఊళ్ళ జనం వచ్చారు. అందరికీ గుండె బరువుగానే ఉంది. మొదట ఆమె వీధి ఆడవాళ్ళు కూర్చుని, "ఓలమ్మో" అన్నారు. అనగానే అది తవిటమ్మ గొంతులా వినబడింది. పెదవులు వంకరపోయాయి. సిగ్గుపడి ఆపేశారు. తర్వాత గెడ్డ దగ్గరి ఆడవాళ్ళు కూర్చుని, "ఓలమ్మో" అన్నారు. వాళ్ళూ అంతే, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయారు. మూడోసారి కూర్మయ్య వచ్చి కూర్చున్నాడు. నోరు తెరిచాడు. పైకి లేచింది అదే రాగం. పళ్ళు బిగించి నోరు మూసేసుకున్నాడు.

ఏడుపులేని చావిల్లు ఎలా ఉంటుందో మీరు చూశారా? చూడొద్దు. అందరూ నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. పన్నెండేళ్ళ కింద ఇదే వాకిట్లో ఏం చేశారో అందరికీ గుర్తొచ్చింది. బతికినన్నాళ్ళూ తన ఊళ్ళో ఏడవడానికి నోచుకోని మనిషి, పోయాక ఒక్క ఏడుపుకైనా నోచుకోకుండా పోతుందా అని కూర్మయ్య తల పట్టుకున్నాడు.

అప్పుడు గురమ్మ వచ్చింది. కబురు ఆలస్యంగా అందింది, వానలో నడిచి వచ్చింది. చాప వైపు చూసింది. జనం వైపు చూసింది. ఎవరి కళ్ళల్లోనూ నీళ్ళు లేవు. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు. తవిటమ్మ ఏడుపుకు చెవులున్నవాళ్ళే నవ్వడం మాత్రం ఆమె ఏటా చూసింది. నేరుగా కూర్మయ్య దగ్గరకు వెళ్ళి, రెండు అరచేతులతో అతని రెండు చెవులూ గట్టిగా మూసింది. అతని తల తిప్పి, చెల్లెలి ముఖం వైపు పెట్టింది.

కూర్మయ్యకు ఏ రాగమూ వినబడలేదు. జీవితంలో మొదటిసారి చెల్లెల్ని చూశాడు. అవును, మొదటిసారే. కల్లంలో ఇద్దరి ముఖాలూ జనం వైపే ఉండేవి. ఆమె గొంతు అతని చెవిలో ఉండేది గానీ ఆమె ముఖం అతని కంటికి ఎప్పుడూ ఎదురుపడలేదు. ఇప్పుడు చూశాడు. నుదుటి మీద గీత చూశాడు. చెంపల మీద చారలు చూశాడు. కింది పెదవి మీద పళ్ళ గాట్లు చూశాడు. ఒకటి కాదు, రెండు కాదు, పన్నెండేళ్ళ గాట్లు.

"పైడమ్మా!" అని అరిచాడు. ముందు మేనకోడలి పేరే వచ్చింది. ఆ తర్వాత, "సెల్లీ, నాను సూడనేదే! సూడనేదే నాను!" అని చాప మీద పడిపోయాడు.

అది చూసి ఒకామె తన చెవులు తానే మూసుకుని తవిటమ్మ ముఖం చూసింది. ఇంకొకామె చూసింది. మేకలకాపరి ముసలాయన, తన కొడుకు భుజం పట్టుకుని వచ్చి, చెవులు మూసుకుని చూశాడు. వరసగా ఊరంతా చూసింది. ఇక ఆ వాకిట్లో లేచిన ఏడుపు గెడ్డ అవతలకు వినబడిందంటారు. ఇద్దరి కోసమూ ఏడ్చారు, తల్లికీ బిడ్డకీ కలిపి. వినబడనిది గురమ్మ ఒక్కతికే. ఆమె చాప పక్కన కూర్చుని, ఆ తల నిమురుతూనే ఉంది.

అదీ తవిటమ్మ కథ. కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది ఎక్కడికీ పోలేదు, ఆ ఊళ్ళ గడపల్లోనే ఉండిపోయింది.

ఇప్పటికీ ఆ వైపు చావింటికి వెళ్ళేవాళ్ళు గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. రెండు చేతులతో చెవులు మూసుకుంటారు. అయినవాళ్ళను పోగొట్టుకున్న మనిషి ముఖం ఒకసారి నిండుగా చూస్తారు. ఆ తర్వాతే లోపలికి అడుగు పెడతారు. నలుగురిలో ఎప్పుడూ నవ్విస్తూ తిరిగేవాణ్ణి చూస్తే పెద్దవాళ్ళు అంటారు, "వాడి మాటలకేంగానీ, ఓపాలి సెవులు మూసి సూడు" అని.

నా పెద్ద కూతురు ఆ వైపు ఊళ్ళోనే పోయింది. ఆ రోజు నేనూ ఏదేదో వాగాను. ఏం వాగానో నాకు తెలియదు, కథలు చెప్పే నోరు కదా. తలెత్తి చూస్తే గడప అవతల నలభై మంది నిలబడి ఉన్నారు. అందరి చేతులూ చెవుల మీద ఉన్నాయి. నేనన్నది ఒక్కరూ వినలేదు. అందరూ నా ముఖం చూశారు.